ఉప్పు దిగని ముద్ద

గుర్వమ్మ చేతి సురేకారానికి తిరుమలగిరి చుట్టుపక్కల పది ఊళ్ళలో వంక పెట్టినవాడు లేడు. బావి తవ్వుతుంటే అడుగున బండ తగిలిందంటే, ఆ బండను పగలగొట్టే మందులోకి సురేకారం కోసం ఆమె ఇంటికే రావాలి. జాతరకు పటాసులు కట్టేవాళ్ళూ అక్కడికే వచ్చేవాళ్ళు. కురుమోళ్ళ ఆడదానికి ఈ పని ఎట్లా అబ్బిందని అడిగితే ఆమె నవ్వేది. గొర్లు మావి, గొర్లు పడుకున్న మన్ను మాది, ఆ మన్నులోంచి వచ్చేది ఇంకెవరిదవుతుందని ఎదురడిగేది. నిజానికి అది ఆమె తల్లిగారి తరపు విద్య. పాలమూరు దిక్కున ఉన్న మేనమామల ఇళ్ళలో ఇంటిల్లిపాదీ ఇదే పని చేసేవాళ్ళు.

ఏళ్ళ తరబడి మంద కట్టిన జాగాలో మన్నును గీరి తెచ్చి, అడుగున బొక్క ఉన్న బానలో నింపి నీళ్ళు పోస్తే, కింద చుక్కచుక్కగా ఎర్రటి నీళ్ళు దిగుతాయి. వాటిని కడాయిలో కాచి చల్లారబెడితే, మర్నాటికి అడుగున తెల్లటి సూదులు పేరుకుంటాయి. కొత్తవాళ్ళు ఆ తెలుపు చూసి పనైపోయిందని మురిసిపోతారు. అసలు పని అప్పుడే మొదలవుతుంది. మన్నులో ఉన్న ఉప్పంతా ఆ సూదుల సందుల్లో నక్కి కూర్చుంటుంది. ఉప్పున్న సురేకారంతో కట్టిన మందు ఎండాకాలంలో ఏ పేచీ పెట్టకుండా పేలుతుంది. నాలుగు చినుకులు పడి గాలికి తేమ తగిలిందా, ఆ ఉప్పు నీళ్ళు పీల్చుకుని మందంతా మెత్తబడిపోతుంది. అప్పుడు నిప్పు పెడితే తుస్సుమని ఊరుకుంటుంది.

అందుకే కడగాలి. గంప మీద బట్ట పరిచి, ఆ సూదులను ఎత్తిపోసి, అరచేత్తో అదిమి ముద్ద చేయాలి. ముద్ద మీద నీళ్ళు పోయాలి. ఉత్త నీళ్ళు పోస్తే ఉప్పుతోపాటు సురేకారమూ కరిగి పోతుంది కాబట్టి, మంచి సురేకారం కలిపి కలిపి, ఇక కరగనని మొండికేసిన నీళ్ళను ముందే సిద్ధం చేసుకోవాలి. ఆ నీళ్ళు సురేకారం జోలికి పోవు, ఉప్పును మాత్రం వెంట తీసుకుపోతాయి. ఒకేసారి కుండెడు కుమ్మరించకుండా దోసెడు దోసెడు పోయాలి. ముద్ద మీద ఎక్కడ పగులు కనిపించినా వేలితో మూసేయాలి. లేకపోతే నీళ్ళు దగ్గరిదారి చూసుకుని ఆ పగులులోంచే జారుకుంటాయి, మిగతా ముద్ద ఉప్పుతో అట్లాగే ఉండిపోతుంది.

ఎన్నిసార్లు పోయాలన్నదానికి లెక్కలేదు. గంప కిందికి దిగే చుక్కను వేలి మీద పట్టి నాలుకకు రాసుకోవాలి. మొదట ఉప్పగా కొడుతుంది. పోను పోను ఉప్పు తగ్గి నాలుక చల్లబడుతుంది. ఉప్పు జాడ లేకుండా ఒక్క చల్లదనమే మిగిలినప్పుడు ఆపాలి. కడిగినవాళ్ళ నాలుకే చుక్కను చూడాలని గుర్వమ్మ తల్లి మరీ మరీ చెప్పేది. ఇంకొకరి నాలుకను నమ్మొద్దనేది. గుర్వమ్మ పన్నెండేళ్ళు ఆ మాట తప్పలేదు. తప్పిన ఒక్కసారే ఆమె కొంప ముంచింది.

రజాకార్లు ఊళ్ళ మీద పడుతున్న ఏడాది అది. దొర పట్నం పారిపోయి, గడీని రజాకార్లకు అప్పజెప్పాడు. ఊళ్ళో సంఘం పెట్టారు. గుర్వమ్మ మొగుడు భిక్షం గొర్లను తల్లికి ఒప్పజెప్పి దళంలో కలిశాడు. మనిషి బక్కగా ఉండేవాడు గానీ నవ్వితే ఇల్లంతా వినపడేది. దళం దగ్గర ఉన్నవి గొట్టంలో మందు కూరి కాల్చే నాటు భర్మారు తుపాకులు. వాటికి మందు కావాలి, మందుకు సురేకారం కావాలి. దళం నాయకుడు దశరథం ఆ ఊరివాడే, వరసకు గుర్వమ్మకు అన్న అవుతాడు. ఒకనాడు గొర్లు బేరం చేసేవాడిలా వచ్చి కూర్చుని సంగతి చెప్పాడు. గుర్వమ్మ రెండో మాట అడగలేదు. మొగుడి చేతిలో తుపాకి పేలాలంటే తన ముద్ద మంచిగా ఉండాలి. ఆమెకు తెలిసిన రాజకీయం అంతే, అది చాలు కూడా.

ముద్దలను మందు నూరే చోటికి మోసింది ఆమె తమ్ముడు కురుమయ్య. తల్లి పోయాక గుర్వమ్మ చంకనెత్తుకుని సాకిన తమ్ముడు. ఎనిమిదేళ్ళు నిండాక పాలమూరు దిక్కు మేనమామల దగ్గర గొర్లు కాయడానికి పంపింది. పదహారేళ్ళు దాటాక తిరిగొచ్చాడు. అక్కే పెళ్ళి చేసి, పక్కనే గుడిసె వేయించింది. గొంగడి మడతలో ముద్ద పెట్టుకుని, ముందు వంద గొర్లను తోలుకుంటూ పోయే కురుమోణ్ణి ఎవడు ఆపుతాడు? ఏడాదిపాటు ఎవడూ ఆపలేదు.

ఆ వైశాఖంలో గుర్వమ్మకు జ్వరం పట్టుకుంది. మూడు రోజులైనా ఒళ్ళు దిగలేదు, నోరంతా చేదు. బెల్లం పెట్టినా చేదే, మజ్జిగ తాగినా చేదే. ముద్ద మాత్రం గంపలో సిద్ధంగా ఉంది. వానలు ముంచుకొస్తున్నాయి, వెంటనే కావాలని దశరథం కబురు మీద కబురు పంపుతున్నాడు. గుర్వమ్మ గోడకు ఒరిగి కూర్చునే నీళ్ళు పోసింది, పగుళ్ళు మూసింది. మూడు విడతలు దిగాక చుక్కను నాలుకకు రాసుకుంటే ఉప్పూ తెలియలేదు, చలువా తెలియలేదు. అప్పుడే కురుమయ్య ముద్ద కోసం వచ్చి నిలబడ్డాడు.

"జర చూడురా తమ్మీ, నా నోరు సచ్చిపోయింది. ఉప్పు ఉన్నదా?"

కురుమయ్య వంగి చుక్కను వేలిమీద పట్టి చప్పరించాడు. కాసేపు ఆగాడు. "లేదక్కా. సల్లగున్నది," అన్నాడు.

గుర్వమ్మ ఆపేసింది. ముద్దను ఎండబెట్టి ఇచ్చి పంపింది.

మృగశిర చినుకులు పడ్డ రెండో రోజు, తిరుమలగిరి బాట మీద దళం రజాకార్ల బండ్లకు అడ్డం కాసింది. తొమ్మిది తుపాకులుంటే రెండు పేలాయి. మిగతా ఏడూ తుస్సుమన్నాయి. ఎదుటివాళ్ళ తుపాకులకు అట్లాంటి చిక్కులేమీ లేవు. ముగ్గురు అక్కడికక్కడే పోయారు. అందులో భిక్షం ఒకడు. కాల్చడానికి తుపాకి ఎత్తినవాడు ఎత్తినట్టే పడిపోయాడని బతికొచ్చినవాళ్ళు చెప్పారు.

పదోనాడు దశరథం వచ్చాడు. సంఘం పెద్దలు నలుగురూ, భిక్షం తల్లి రామమ్మా వాకిట్లో కూర్చుని ఉన్నారు. కురుమయ్య పందిరి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. దశరథం గుడ్డ మూట విప్పి, మిగిలిన మందును గుర్వమ్మ అరచేతిలో పెట్టాడు. పొడిగా జారాల్సిన మందు జిగటగా అంటుకుపోయింది. నాలుకకు రాసుకుంది. జ్వరం తగ్గి అప్పటికి చాలా రోజులైంది, నాలుక మంచిగానే ఉంది. ఉప్పు. నోరంతా ఉప్పు.

ఒక్క క్షణం తమ్ముడి వైపు చూసింది. వాడు తల ఎత్తలేదు. గొర్లు కాసుకునేవాడు, వాడికి సురేకారం రుచి ఏం తెలుసు, తెలియనివాణ్ణి అడగడం నాదే తప్పు అనుకుంది. వాడి పేరు ఎత్తితే దళం వాళ్ళు ఏం చేస్తారో తెలుసు. ఆ నెలలోనే ఇద్దరు రజాకార్ల ఏజెంట్లను గుట్ట మీదికి తీసుకుపోయారు, వాళ్ళు మళ్ళీ కిందికి దిగలేదు. మొగుడు పోయాడు, తమ్ముణ్ణి కూడా పోగొట్టుకునే బలం ఆమెకు లేదు.

"నా నాలుకనే తప్పింది అన్నా. జరం మీద ఉన్న," అంది అందరి ముందూ.

దశరథం మూట మళ్ళీ కట్టేశాడు. కావాలని చేసిన పని కాదు కాబట్టి సంఘం శిక్ష వేయదనీ, ఇక మీదట ఆమె చేతి సురేకారం మాత్రం తీసుకోదనీ చెప్పి లేచిపోయాడు. రామమ్మ ఏడవలేదు, తిట్టలేదు. ఆ సాయంత్రం ఇంటి ఇంకో మూలన మూడు రాళ్ళు పెట్టి, తన జొన్న గటుక తానే వండుకుంది.

ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు. గుర్వమ్మకు ఊరు దూరమవడం ఒక ఎత్తు, ఈ రెండో పొయ్యి ఒక ఎత్తు. బావి దగ్గర ఆడవాళ్ళు పక్కకు జరిగితే భరించింది. పోయిన మిగతా ఇద్దరి పెళ్ళాలు ఎదురైనప్పుడు ముఖం తిప్పుకుంటే భరించింది. కానీ కోడలుగా అడుగు పెట్టిన నాటి నుంచీ తన చేతి గటుక తప్ప ఎరగని ముసలిది, కళ్ళ ముందే పొగలో దగ్గుతూ మంట ఊదుకుంటుంటే చూడలేకపోయేది. పిల్లాజెల్లా లేని ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన మనిషి ఆ ఒక్కతే. కొడుకును చంపిన చేతి కూడు ఎట్లా తింటుందిలే అని తనకు తానే చెప్పుకునేది. తన చేతులు చూసుకుని తనే అసహ్యించుకునేది.

భాద్రపదంలో యూనియన్ మిలట్రీ వచ్చింది. రజాకార్లు పోయారని ఊరు ఊరంతా గంతులేసింది. నెల తిరగకముందే దొర కాంగ్రెస్ తెల్లటోపీ పెట్టుకుని జీపులో తిరిగొచ్చాడు. గడీ ముందు మిలట్రీ క్యాంపు పడింది. నిన్నటి దాకా రజాకార్ల కోసం వెతికిన మిలట్రీ ఇప్పుడు సంఘపోళ్ళ కోసం ఇళ్ళు సోదా చేయడం మొదలుపెట్టింది. పంచిన భూములు మళ్ళీ దొర పేరు మీదికి పోయాయి. దశరథం కృష్ణ దాటి నల్లమల అడవిలోకి పోయాడని చెప్పుకున్నారు. ఊరి మీద పడ్డ ఈ మోసాన్ని ఎవరికి మొర పెట్టుకోవాలో తెలియక జనం నోరు మూసుకున్నారు.

కురుమయ్య మాత్రం గడీలో కుదురుకున్నాడు. దొర మందకు పెద్ద కాపరి అయ్యాడు. కాళ్ళకు కిర్రు చెప్పులొచ్చాయి. ఎట్లారా అని అక్క అడిగితే, బతకాలి గదక్కా అన్నాడు. చాలామంది అట్లాగే బతుకుతున్నారు కాబట్టి ఆమె తప్పు పట్టలేదు. దారిన పోతూ అప్పుడప్పుడు పాలు పోసిపోయేవాడు. పాపం, నా కోసమే వస్తున్నాడనుకునేది.

మాఘంలో దొర చిన్న కొడుకు పెళ్ళి కుదిరింది. ఊరేగింపులో పటాసులు పట్నం దాకా వినపడాలని దొర హుకుం. కురుమయ్య వచ్చి, సురేకారం నువ్వే చేయాలక్కా, దొర నీ పేరే చెప్పిండు అన్నాడు. వద్దనడానికి ఎవరికి ధైర్యముంది, క్యాంపు గడీ ముందే ఉంటే? అయినా గుర్వమ్మ భయంతో మాత్రమే ఒప్పుకోలేదు. ఎనిమిది నెలలుగా చేయని పని అది. ఈసారి తన చేతి సురేకారం ఫెళ్ళుమని పేలితే, నాటిది జ్వరం చేసిన తప్పే గానీ తన చేతిలో దోషం లేదని ఊరికి తెలుస్తుంది, ముఖ్యంగా అత్తకు తెలుస్తుంది. అత్త కూడా ఈ మధ్య కాస్త మెత్తబడ్డట్టు అనిపించింది. మొన్న దగ్గు వచ్చినప్పుడు గుర్వమ్మ కాచిన మిరియాల నీళ్ళు కాదనకుండా తాగింది.

మన్ను తెచ్చింది, కాచింది, చల్లార్చింది. ఎండ ఎక్కుతున్న వేళకు గంపలో ముద్ద అదిమి నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. కురుమయ్య ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పటాసులు తుస్సుమంటే నీ తోలు ఒలుస్తానని దొర అన్నాడట, అందుకని కదలకుండా కాపలా కాస్తున్నాడు. గుర్వమ్మ ఆరు విడతలు పోసింది. చుక్కను నాలుకకు రాసుకుంది. చల్లగా ఉంది. ఇంకో విడత పోసి మళ్ళీ చూసింది. చల్లదనం తప్ప ఇంకేమీ లేదు. ఇక చాలని గంప దించబోయింది.

"ఉండక్కా," అన్నాడు కురుమయ్య. చెయ్యి చాపి చుక్కను పట్టాడు. చప్పరించి తుపుక్కున ఉమ్మాడు. "ఇంక ఉన్నది ఉప్పు. ఆఖర్ల కొడ్తాంది. ఇంకో రెండు నీళ్ళు పడాలె."

గుర్వమ్మకు మొదట కోపం వచ్చింది, నాకు చెప్పేపాటివాడివా అని. మళ్ళీ చుక్క పట్టి, ఈసారి మింగకుండా, కళ్ళు మూసుకుని నాలుక మీదే ఉంచింది. చల్లదనం అంతా పోయేదాకా ఆగింది. అన్నీ పోయాక, నాలుక అంచున, ఉందా లేదా అన్నంత సన్నగా ఉప్పు తగిలింది. తన తల్లి తప్ప ఇంకెవరూ పట్టలేని ఉప్పు అది. పన్నెండేళ్ళు పని చేసిన తన నాలుకకే అందని ఉప్పును వీడు వేలి మీది చుక్కలో పట్టుకున్నాడు.

ఆమె చేతులు ఆగిపోయాయి. పాలమూరు దిక్కు మేనమామల ఇల్లు కళ్ళ ముందు కదిలింది. ఆ ఇంట్లో గొర్లు కాసే పిల్లలు కూడా పొద్దంతా గంపల చుట్టే తిరుగుతారు, చుక్కలు నాకుతూనే పెరుగుతారు. ఎనిమిదేళ్ళు అక్కడ ఉన్నవాడికి ఈ రుచి తెలియదని తను ఎట్లా అనుకుంది? ఎందుకు అనుకుంది? అనుకోవాలనుకుంది కాబట్టి అనుకుంది. ఆ వైశాఖంలో ముద్దలో ఉన్నది ఇంత సన్నని ఉప్పు కూడా కాదు. మూడే విడతలు కడిగిన ముద్ద. కళ్ళు మూసుకుని చప్పరించినా ఎవడికైనా తెలుస్తుంది.

"ఆ దినం నీకు తెల్సింది," అంది.

కురుమయ్యకు ఏ దినమో అడగాల్సిన పని పడలేదు. కాసేపు అదీ ఇదీ అన్నాడు. అక్క కళ్ళు తిప్పకుండా చూస్తుంటే, మెల్లగా మొత్తం కక్కాడు. ఆ వారం ముందే దొర కంచె బీడులో గొర్లు మేపాడని గడీవాళ్ళు పట్టుకుపోయి రెండు దినాలు కొట్టారట. దళానికి దొంగచాటుగా సురేకారం ఇచ్చేదెవరో చెప్పమన్నారట. నీ పేరు చెప్తే ఇంట్ల పెట్టి కాలుస్తరని చెప్పలేదక్కా, దానికి బదులు తుపాకులు పేలకుండా చూస్తనని ఒప్పుకున్న అన్నాడు. మనుషులను చంపం, పట్టుకుపోయి వదిలేస్తం అన్నారట. బావ పోతాడని అనుకోలేదట.

గుర్వమ్మ విన్నది. తనను కాపాడటానికి తన మొగుణ్ణి ఇచ్చేశాడట. కాళ్ళకు ఆ కిర్రు చెప్పులు కూడా తనను కాపాడినందుకే వచ్చాయేమో. నమ్మాలో వద్దో తెలియలేదు. చంకన మోసి పెంచిన మనిషి ముఖం నుంచి చూపు తిప్పుకుంది.

"దశరథమన్నకు సుత ఎరుకే," అన్నాడు వాడు, అది తన పక్షాన పనికొచ్చే మాట అనుకుని. "రెండు నెలలకు నేనే పోయి కాళ్ళ మీద పడ్డ. నన్ను చంపలే. గడీల ముచ్చట్లు తెచ్చియ్యమన్నడు. తెచ్చిచ్చిన."

దశరథం. చెల్లె అని పిలిచేవాడు. ఇంట్లో కూర్చుని భిక్షంతో ఒకే పళ్ళెంలో తిన్నవాడు. ఆమె చేతిలో తప్పు లేదని అతనికి తెలుసు. తెలిసీ, గడీలో ఒక చెవి కావాలి కాబట్టి, నింద ఆమె నెత్తి మీదే ఉంచి ఊరుకున్నాడు. నీ చేతిలో తప్పు లేదు, ఎవరికీ చెప్పొద్దు అని ఒక కబురు పంపినా సరిపోయేది, లోలోపలైనా ఊపిరి పీల్చుకునేది. అదీ పంపలేదు. మగవాళ్ళంతా లెక్కలు వేసుకుని, అందులో ఏ ఖర్చూ లేకుండా అగ్గువకు పోయేది తన పేరేనని తేల్చుకున్నారు.

గంప అంచు పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"ఒక్క పని చెయ్యి. ఇప్పుడే లోపలికి రా. మా అత్తకు నీ నోటితోని చెప్పు. చెప్పినంక నీ దొరకు ఎన్ని ముద్దలు కావాలె, అన్ని కడిగిస్త."

కురుమయ్య తల అడ్డంగా ఊపాడు. ముసలిదానికి చెప్తే ఊరికి తెలుస్తుందట. ఊరికి తెలిస్తే పోయిన ఇద్దరి అన్నదమ్ములు ఉండనియ్యరట. దశరథానికి వార్తలు మోసిన సంగతి గడీకి తెలిస్తే దొర ఉండనియ్యడట. పెళ్ళాం కడుపుతో ఉందట. చేతులు జోడించాడు. ఇన్ని దినాలు మోసినవు, ఇంక కొన్ని దినాలు మొయ్యక్కా అన్నాడు.

గుర్వమ్మ లేచింది. పక్కనున్న బిందె ఎత్తింది. బావి నుంచి తెచ్చిన ఉత్త నీళ్ళవి. ముద్ద మీద కుమ్మరించింది. పగుళ్ళు మూయలేదు. ఇంకో బిందె తెచ్చి కుమ్మరించింది. అక్కా కరిగిపోతాంది అని కురుమయ్య గంప పట్టుకోబోతే మోచేత్తో తోసేసింది. తెల్లటి ముద్ద జారి, కుంగి, బట్టలోంచి దిగిపోయింది. వాకిలంతా తడిసింది. వాడు కిర్రు చెప్పులు వదిలేసి గడీ వైపు కాదు, ఊరి బయటికి ఉరికాడు.

రామమ్మ లోపల చాటలో జొన్నలు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. గుర్వమ్మ తడి చేతులతోనే ఎదురుగా కూర్చుని అంతా చెప్పింది. జ్వరం సంగతీ, నాలుక చచ్చిన సంగతీ, తమ్ముడు చప్పరించి చల్లగుందన్న సంగతీ, గడీ సంగతీ, దశరథం సంగతీ ఏదీ దాచలేదు. చెప్తుంటే ఎనిమిది నెలల బరువు దిగుతున్నట్టే ఉంది. నీ కొడుకును నా చెయ్యి చంపలేదత్తా అనే మాట దగ్గరికి వచ్చేసరికి వెక్కి వెక్కి ఏడ్చింది.

రామమ్మ వేళ్ళు ఏరడం ఆపలేదు. కోడలి ఏడుపు నెమ్మదించాక తల ఎత్తింది.

"అందరి ముందట దశరథం అడిగిన దినం, సుక్క సూసింది నీ తమ్ముడని నీకు ఎరుకే గద?"

"ఎరుకే అత్తా. కని వాడు కావాలని చేసిండని..."

"ఎరుకే గద."

గుర్వమ్మ తల ఊపింది.

"జరంల ఉన్న పిల్ల, చెయ్యి తప్పిందని ఈ నడుమ నా మనసుకు నేనే చెప్పుకుంటున్న," అంది రామమ్మ. గొంతులో కోపం లేదు. "చెయ్యి తప్పుడు ఎవలికైనా ఉంటది. ఈ జొన్నలు రేపు నీకిచ్చి, నువ్వే వండు అందామనుకున్న. నువ్వు చెయ్యి తప్పలే. ఎరిగి దాచినవు. నీ తమ్మునికి ఏం కావద్దని దాచినవు. నా కొడుకు సచ్చి పడున్నంక సుత నీకు వాడే ఎక్కువైండు."

ఆ రోజు వాకిట్లో తమ్ముడి వైపు చూసిన ఆ ఒక్క క్షణంలో, ఏదో ఒక అనుమానం తగిలిందనీ, తగిలిన అనుమానాన్ని తనే తోసేసిందనీ గుర్వమ్మకు ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు.

రామమ్మ చాట పట్టుకుని లేచింది. మోకాళ్ళు పట్టేస్తే గోడ ఆసరా చేసుకుంది. గుర్వమ్మ చెయ్యి అందించబోతే చూడనట్టే పక్కనుంచి నడిచి, ఇంటి ఆ మూలకు పోయి కూర్చుంది. కూర్చుని, ఒక్కదానికి సరిపడా జొన్నలు తిరగట్లో పోసుకుంది.